కోడ్‌తో దరువు కట్టాలనుందా? ఎడిటర్ డౌన్‌లోడ్ చేసే ముందు ఇవి చూసుకోండి

భూపాలపల్లి: సెలవులకు ఇంటికొచ్చిన ఓ బీటెక్ విద్యార్థి. చేతిలో అన్న వాడి వదిలేసిన ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. నల్లటి స్క్రీన్ మీద ఎవరో నాలుగు లైన్లు టైప్ చేస్తుంటే హాలంతా ఊగిపోతున్న వీడియో చూశాడు. మనమూ చేద్దామనుకున్నాడు. నెట్‌లో వెతికితే ఒకరు విజువల్ స్టూడియో కోడ్ అన్నారు, ఇంకొకరు ఈమ్యాక్స్ అన్నారు, మరొకరు విమ్ తప్ప వేరేది ముట్టుకోవద్దన్నారు. అన్నీ దింపాడు. మొబైల్ డేటా అయిపోయింది. స్పీకర్‌లోంచి మాత్రం ఒక్క ‘టక్’ కూడా రాలేదు.

ఇది ఊహించి చెప్పిన కథే. కానీ కంప్యూటర్ కోడ్‌తో సంగీతం మొదలుపెట్టే చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. పాట కంటే ముందు ఎడిటర్ దగ్గరే ఆగిపోతారు. ఇంతకీ ఎడిటర్ ఎంచుకోవడం అంత కష్టమా? కాదు. ప్రశ్నను తిరగేసి అడుగుతున్నాం, అంతే.

ఎడిటర్ పాడదు

ముందు ఒక్క విషయం తేల్చుకుందాం. పెళ్లి బరాత్‌లో మైక్ సెట్ చూసే ఉంటారు. మైక్ వేరు, మిక్సర్ వేరు, యాంప్లిఫయర్ వేరు, బాక్సులు వేరు. కోడ్ సంగీతంలోనూ అంతే. మీరు అక్షరాలు టైప్ చేసే చోటు ఎడిటర్. ఆ అక్షరాలకు అర్థం చెప్పేది భాష. ఆ అర్థాన్ని శబ్దంగా మార్చి సౌండ్ కార్డుకు పంపేది ఇంజిన్. ఎడిటర్ మార్చినంత మాత్రాన సౌండ్ క్వాలిటీ పెరగదు. శబ్దం పగిలిపోతుంటే, తెగి తెగి వస్తుంటే అది ఎడిటర్ తప్పు కాదు. ఆడియో సెట్టింగుల్లో బఫర్ సైజ్ పెంచి చూడాలి.

ఇంకో తమాషా ఉంది. సోనిక్ పై, టైడల్ సైకిల్స్ అని రెండు పేర్లు వింటాం. చూడటానికి రెండూ వేర్వేరు ప్రపంచాలు. కానీ రెండింటి అడుగున శబ్దం చేసే ఇంజిన్ ఒక్కటే, సూపర్ కొలైడర్. దాన్ని జేమ్స్ మెకార్ట్నీ 1996లో విడుదల చేశారు. 2002లో ఉచిత సాఫ్ట్‌వేర్‌గా అందరికీ ఇచ్చేశారు.

అందుకే ‘ఏ ఎడిటర్ మంచిది’ అని కాదు, ‘నేను రాసింది ఎన్ని కీలు నొక్కితే చెవికి చేరుతుంది’ అని అడగాలి. ఒక్క కీ కాంబినేషన్‌తో చేరితే అది మంచి ఎడిటర్. సేవ్ చేసి, టెర్మినల్ తెరిచి, కమాండ్ కొట్టి, ఎదురుచూసి వినాల్సి వస్తే, అది ఎంత పేరున్నదైనా మొదటి నెలలో మీ ఉత్సాహాన్ని చంపేస్తుంది.

ఎదురుచూపుతోనే మొదలైంది

ఎదురుచూపు అంటే ఏంటో ఈ రంగం పుట్టినప్పటి వాళ్లకు బాగా తెలుసు. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ ‘మ్యూజిక్ 1’ అనే ప్రోగ్రామ్ రాశారు. నడిపింది ఐబీఎం 704 అనే భారీ కంప్యూటర్ మీద. అదేమో న్యూయార్క్‌లో ఉంది. లెక్క పూర్తయ్యాక వచ్చిన టేపును న్యూజెర్సీలోని ల్యాబ్‌కు తీసుకొచ్చి, అక్కడ శబ్దంగా మార్చుకోవాలి. ఇంతా చేస్తే వినిపించిన మొదటి బాణీ 17 సెకన్లు!

ఆ కుటుంబం నుంచే తర్వాత సీసౌండ్ వచ్చింది. ఎంఐటీలో బ్యారీ వెర్కో 1980లలో దాన్ని రూపొందించారు. ఇప్పటికీ జనం వాడుతున్నారు. దాని పద్ధతిలో పాత వాసన ఇంకా ఉంది. ఫైల్లో ఒక భాగంలో వాయిద్యం ఎలా మోగాలో రాస్తారు, రెండో భాగంలో ఏ సమయానికి ఏ స్వరం రావాలో రాస్తారు, తర్వాత మొత్తం ఫైలును నడుపుతారు. ఇలా రాసేవాళ్లకు ఏ ఎడిటర్ అయినా సరిపోతుంది, నోట్‌ప్యాడ్‌తో సహా. ఫైల్ ప్లెయిన్ టెక్స్ట్‌గా ఉంటే చాలు. అయితే రన్ బటన్ పక్కనే ఉండాలంటే సీసౌండ్ క్యూటీ అనే ప్రత్యేక ఎడిటర్ ఉంది. స్లైడర్లు, బటన్లు పెట్టి సొంత ప్లగిన్ తయారు చేసుకోవాలంటే రోరీ వాల్ష్ రూపొందించిన క్యాబేజ్ ఉంది. సీసౌండ్ క్యూటీ దింపేటప్పుడు ఒక జాగ్రత్త: మీ దగ్గరున్న సీసౌండ్ వెర్షన్‌కు అది జత కుదరాలి. కుదరకపోతే తెరుచుకోనే తెరుచుకోదు.

బ్లాక్‌గా నడపాలి, ఆపకుండా మార్చాలి

వీడియోల్లో మనం చూసేది వేరే పద్ధతి. దాన్ని లైవ్ కోడింగ్ అంటారు. పాట మోగుతూనే ఉంటుంది. మధ్యలో కోడ్ మారుస్తారు, పాట ఆగకుండానే మారిపోతుంది. ఈ పనికి నోట్‌ప్యాడ్ పనికిరాదు. ఎందుకంటే ఇక్కడ ఎడిటర్ మొత్తం ఫైలును కాదు, కర్సర్ ఉన్న చోటి ముక్కను మాత్రమే ఇంజిన్‌కు పంపగలగాలి.

సూపర్ కొలైడర్‌తో పాటే దాని సొంత ఎడిటర్ వస్తుంది. కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే కర్సర్ ఉన్న లైనో, బ్రాకెట్ల మధ్య ఉన్న ముక్కో నడుస్తుంది. కంట్రోల్, ఫుల్‌స్టాప్ కలిపి నొక్కితే మోగుతున్నదంతా ఆగిపోతుంది. ఏదైనా పదం మీద కర్సర్ పెట్టి కంట్రోల్, డీ నొక్కితే దాని హెల్ప్ పేజీ పక్కనే తెరుచుకుంటుంది. నెట్ లేకపోయినా ఇది పనిచేస్తుంది. పలిమెల, మహాముత్తారం వైపు అడవి ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్టెక్కేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. హెల్ప్ లోపలే ఉన్న ఎడిటర్, నెట్‌లో వెతుక్కోమనే ఎడిటర్ కంటే ఎప్పుడూ మేలు. సూపర్ కొలైడర్ నేర్చుకునేవాళ్లు మొదటి ఆరు నెలలు వేరే ఎడిటర్ వైపు చూడాల్సిన పనే లేదని మా అభిప్రాయం.

సోనిక్ పై అయితే ఎడిటర్, భాష, ఇంజిన్, పాఠాలు అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. కేంబ్రిడ్జిలో శామ్ ఆరన్ 2012లో దీన్ని మొదలుపెట్టారు. స్కూలు పిల్లలకు కోడింగ్ నేర్పడం కోసం, రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచేలా చేశారు. చిన్న కంప్యూటర్ కోసం పుట్టింది కాబట్టి పాత ల్యాప్‌టాప్‌నూ పెద్దగా ఇబ్బంది పెట్టదు. విండోస్‌లో ఆల్ట్, ఆర్ నొక్కితే మోగుతుంది. ఆల్ట్, ఎస్ నొక్కితే ఆగుతుంది. హైస్కూల్ పిల్లలకు నేర్పాలనుకునే టీచర్లు ఇంకేమీ ఆలోచించకుండా దీన్నే పెట్టేయొచ్చు.

స్ట్రూడెల్‌కు అసలు ఇన్‌స్టలేషనే లేదు. బ్రౌజర్‌లో పేజీ తెరిస్తే అదే ఎడిటర్. ఫెలిక్స్ రూస్, అలెక్స్ మెక్లీన్ 2022లో మొదలుపెట్టారు. ఇందులో ఓ సౌకర్యం ఉంది. ఏ దెబ్బ మోగుతుందో ఆ సమయానికి కోడ్‌లో ఆ పదం చుట్టూ వెలుగు వస్తుంది. తాళం ఎక్కడ తప్పిందో చెవికి దొరక్కపోయినా కంటికి దొరుకుతుంది. కాకపోతే శాంపిల్ శబ్దాలు నెట్ నుంచి దిగాలి. బ్రౌజర్ డేటా క్లియర్ చేస్తే రాసింది పోయే ప్రమాదమూ ఉంది. అందుకే నచ్చిన కోడ్‌ను వెంటనే కాపీ చేసి వేరే టెక్స్ట్ ఫైల్లో దాచుకోండి.

మన తబలా నుంచి వెళ్లిన లెక్క

స్ట్రూడెల్‌కు అన్నలాంటిది టైడల్ సైకిల్స్. మెక్లీన్ రాసిందే. లయను చిన్న చిన్న పదాల వరుసగా రాసే దాని పద్ధతి వెనుక మన దేశపు కథ ఉందని చాలామందికి తెలియదు. 1980లలో బెర్నార్డ్ బెల్, జిమ్ కిపెన్ అనే ఇద్దరు లక్నో తబలా విద్వాంసుల ‘బోల్స్’ ఎలా అల్లుకుంటాయో కంప్యూటర్‌కు నేర్పాలని ‘బోల్ ప్రాసెసర్’ తయారు చేశారు. ధా, తిర, కిట అంటూ నోటితో చెప్పే లెక్కనే అక్షరాలుగా టైప్ చేసే పద్ధతి అది. టైడల్ రాత పద్ధతికి అది కూడా ఒక స్ఫూర్తి. తాళాన్ని నోటితో చెప్పడం మనకు కొత్తేం కాదు కాబట్టి, ఈ రాత మనవాళ్లకు త్వరగా పట్టుబడుతుంది.

మిశ్రచాపు ఏడు అక్షరాలను మూడు, రెండు, రెండుగా విడదీసి ఒక వరుసలో రాస్తే చాలు, చక్రంలా తిరుగుతూ ఉంటుంది. ఆదితాళం ఎనిమిదీ అంతే.

మరి డప్పు? టైడల్‌తో వచ్చే శాంపిళ్లలో తబలా ఉంది, మన డప్పు మాత్రం మనమే రికార్డ్ చేసుకోవాలి. ఫోన్ చాలు. చిర్రతో కొట్టిన దెబ్బ ఒకటి, చిటికెన పుల్లతో కొట్టింది ఒకటి, రెండూ కలిపి ఒకటి.. ఇలా విడివిడిగా తీసుకోండి. డప్పును మంట దగ్గర కాపితే శ్రుతి పెరుగుతుందని వాయించేవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే అన్ని దెబ్బలూ ఒకే కాపుడు మీద రికార్డ్ చేయాలి. లేదంటే కోడ్‌లో పక్కపక్కన పెట్టినప్పుడు రెండు వేర్వేరు డప్పుల్లా వినిపిస్తాయి. ఫోన్ ఫైళ్లను ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేవ్ ఫార్మాట్‌లోకి మార్చి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. ఆ ఫోల్డర్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉంటే తర్వాత తలనొప్పి ఉండదు.

రాత్రికి రాత్రే మూతపడితే?

టైడల్‌కు సొంత ఎడిటర్ లేదు. ఏదో ఒక ఎడిటర్‌లో ప్లగిన్ పెట్టుకోవాలి. మెక్లీన్ తొలి రోజుల్లో ఈమ్యాక్స్ వాడారు. కొత్తవాళ్లకు మాత్రం చాలా ఏళ్లు ఆటమ్ అనే ఎడిటర్‌నే సూచించేవారు. పాఠాలన్నీ దాని మీదే ఉండేవి. ఆటమ్‌ను నడిపిన గిట్‌హబ్ 2022 జూన్‌లో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది డిసెంబర్ 15న మూసేసింది. వేల మంది కొత్త ఎడిటర్ వెతుక్కోవాల్సి వచ్చింది.

అయినా ఒక్కరి పాట కూడా పోలేదు. ఎందుకు? వాళ్లు రాసిందంతా ప్లెయిన్ టెక్స్ట్. ఆటమ్ కోడ్ నుంచే పల్సార్ అనే ఎడిటర్‌ను ఔత్సాహికులు నిలబెట్టారు. కొందరు అందులోకి, కొందరు విజువల్ స్టూడియో కోడ్‌లోకి మారిపోయారు. ఫైళ్లు అవే, పాటలు అవే. ఇప్పుడు మీరు పాత వీడియో ఏదైనా చూస్తూ ‘ఆటమ్ ఇన్‌స్టాల్ చేయండి’ అని వింటే, అక్కడే ఆగి వీడియో తేదీ చూసుకోండి.

ఎడిటర్ ఎంచుకునేటప్పుడు ఈ పరీక్ష తప్పక పెట్టాలి. రేపు ఇది మూతపడితే నా ఫైల్‌ను ఇంకో దాంట్లో తెరవగలనా? పైన చెప్పినవన్నీ ఈ పరీక్షలో పాసే. అంతే కాదు, ఇవన్నీ ఉచితమే. సీసౌండ్, సూపర్ కొలైడర్, టైడల్, స్ట్రూడెల్, సోనిక్ పై.. దేన్నీ కొనక్కర్లేదు, దొంగ కాపీ వెతకాల్సిన ఖర్మా లేదు. ఎవరైనా వీటిని ‘ప్యాకేజీ’ అంటూ అమ్మజూపితే డబ్బు కట్టకండి.

తెలుగులో కామెంట్ రాస్తే..

ఇది ఇంగ్లిష్ పాఠాల్లో ఎక్కడా కనిపించని మన సొంత సమస్య. కోడ్ పక్కన ‘ఇక్కడ డోలు మొదలు’ అని తెలుగులో గుర్తు రాసుకోవాలనిపిస్తుంది. రాసుకోవచ్చు. కానీ మూడు చోట్ల దెబ్బ తగులుతుంది.

మొదటిది, ఫాంట్. డీటీపీ సెంటర్‌లో పనిచేసినవాళ్లకు అను ఫాంట్లు అలవాటు. స్క్రీన్ మీద తెలుగే కనిపిస్తుంది కానీ ఫైల్ లోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లిష్ గుర్తుల కోడ్‌లే. ఆ టెక్స్ట్‌ను కోడ్ ఎడిటర్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్ కీబోర్డ్‌తోనే టైప్ చేయాలి, ఫైల్‌ను యూటీఎఫ్-8గా సేవ్ చేయాలి. కొత్త విండోస్‌లో నోట్‌ప్యాడ్ కూడా ఇప్పుడు మామూలుగా అలాగే సేవ్ చేస్తుంది.

రెండోది, ఒత్తులు. విమ్ లాంటివి టెర్మినల్‌లో నడుస్తాయి. టెర్మినల్‌లో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి ఉంటుంది. మన ‘స్త్రీ’ని ఆ గడిలో ఇరికించాలని చూస్తే ఒత్తులు పక్కకు జారిపోతాయి, కర్సర్ ఒకచోట ఉంటే అక్షరం ఇంకోచోట పడుతుంది. విజువల్ స్టూడియో కోడ్, బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్లు తెలుగును సరిగానే చూపిస్తాయి. తెలుగు కామెంట్లు ఎక్కువ రాసేవాళ్లు విమ్ జోలికి వెళ్లకపోవడమే సుఖం. విమ్ అభిమానులు కోప్పడినా సరే! వేరియబుల్ పేర్లు మాత్రం ఇంగ్లిష్ లిపిలోనే పెట్టుకోండి. సూపర్ కొలైడర్ తెలుగు పేర్లను ఒప్పుకోదు.

మూడోది, కోట్స్. ఇది తెలుగుకే కాదు, అందరికీ ఉన్నదే. స్నేహితుడు వాట్సాప్‌లోనో, వర్డ్ ఫైల్లోనో కోడ్ పంపిస్తాడు. దారిలో నిటారు కోట్స్ కాస్తా వంకర కోట్స్ అయిపోతాయి. కంటికి తేడా తెలియదు. కోడ్ మాత్రం ఎర్రర్ కొడుతుంది. గంటసేపు తల గోక్కున్నాక గానీ విషయం అర్థం కాదు. కోడ్‌ను మెసేజ్‌గా కాకుండా ఫైల్‌గా పంపమని అడగండి. కోట్స్, బ్రాకెట్లు సరిపోలకపోతే రంగు మార్చి చూపించే ఎడిటర్ అయితే ఈ తప్పు ముందే పట్టుకుంటుంది. రంగుల సోకు కోసం కాదు, ఇందుకోసమే ఆ ఫీచర్ కావాలి.

4 జీబీ ల్యాప్‌టాప్ అయితే?

విజువల్ స్టూడియో కోడ్ చెడ్డది కాదు. సీసౌండ్‌కు, టైడల్‌కు, సూపర్ కొలైడర్‌కు అన్నింటికీ దాంట్లో ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. కానీ అది లోపల ఒక బ్రౌజర్‌ను మోసుకుంటూ తిరుగుతుంది. దాని పక్కన క్రోమ్‌లో నాలుగు ట్యాబులు, వెనుక సౌండ్ ఇంజిన్.. ఇవన్నీ కలిస్తే తక్కువ ర్యామ్ ఉన్న మెషీన్ ఆయాసపడుతుంది. ఆ ఆయాసం సంగీతంలో ‘క్లిక్’ శబ్దంగా వినిపిస్తుంది. వెబ్‌సైట్ కోడ్ అయితే అరసెకను ఆలస్యమైనా ఫర్వాలేదు. తాళంలో అరసెకను అంటే పాట పోయినట్టే.

అందుకే పాత మెషీన్‌లో సీసౌండ్ ఫైళ్లకు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, జీనీ లాంటి తేలికైనవి చాలు. లైవ్ కోడింగ్‌కు సోనిక్ పై, లేదా సూపర్ కొలైడర్ సొంత ఎడిటర్. టైడల్ నేరుగా పెట్టుకోవాలంటే హాస్కెల్, సూపర్ కొలైడర్, శాంపిళ్లు, ఎడిటర్ ప్లగిన్ వరుసగా దించాలి. డౌన్‌లోడ్ బరువు, మధ్యలో ఏ ఒక్కటి తప్పినా మోగదు. ముందు స్ట్రూడెల్‌లో ఆ రాత పద్ధతి నేర్చుకుని, కాలేజీ వైఫై దొరికినప్పుడు టైడల్ సంగతి చూసుకోవచ్చు. ఇన్‌స్టాలర్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే పక్కింటి తమ్ముడికీ పనికొస్తాయి.

ఈమ్యాక్స్ గురించి ఒక మాట. 1970ల నుంచి ఉంది, ఇంకా ఉంటుంది. అన్ని సంగీత భాషలనూ ఒకే చోట రాయొచ్చు. కానీ దాని కీలు నేర్చుకోవడమే ఒక కోర్సు. ఇప్పటికే ప్రోగ్రామింగ్‌లో అది వాడుతున్నవాళ్లు హాయిగా కొనసాగించొచ్చు. సంగీతం కోసమే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఒకేసారి రెండు కష్టాలు నెత్తిన పెట్టుకున్నట్టే.

చెవులు జాగ్రత్త

చివరగా, అన్నింటికంటే ముందు చూసుకోవాల్సింది. మామూలు కోడ్‌లో తప్పు చేస్తే ఎర్రర్ మెసేజ్ వస్తుంది. సౌండ్ కోడ్‌లో ఒక సున్నా ఎక్కువ పడితే హెడ్‌ఫోన్స్‌లో ఒక్కసారిగా భరించలేని మోత రావచ్చు. శబ్దం స్థాయిని 0.1 అని రాయబోయి 10 అని రాసినా, ఫిల్టర్‌కు తప్పు విలువ ఇచ్చినా ఇదే జరుగుతుంది. అది చెవికి హాని.

కాబట్టి ఏ ఎడిటర్ తెరిచినా మొదట నేర్చుకోవాల్సింది మోగించే కీ కాదు, ఆపే కీ. సూపర్ కొలైడర్, స్ట్రూడెల్‌లలో కంట్రోల్, ఫుల్‌స్టాప్. విండోస్ సోనిక్ పైలో ఆల్ట్, ఎస్. కళ్లు మూసుకుని కూడా వేళ్లు అక్కడికి వెళ్లేదాకా నాలుగైదు సార్లు నొక్కి చూడండి. కొత్త కోడ్ మొదటిసారి నడిపేటప్పుడు సిస్టమ్ వాల్యూమ్ బాగా తగ్గించి, హెడ్‌ఫోన్స్ చెవులకు కాకుండా మెడకు వేలాడేసుకోండి. శబ్దం మామూలుగానే ఉందని తేలాక చెవులకు పెట్టుకోవచ్చు. స్పీకర్ పెట్టి రాత్రిపూట మొదలుపెట్టేవాళ్లు సింగరేణి కాలనీల్లో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు, ఫస్ట్ షిఫ్ట్ కోసం రాత్రి పెందలాడే పడుకునే ఇళ్లు ఉంటాయన్నది కూడా గుర్తుపెట్టుకోండి.